గుడారం ఎక్కడ వేసుకోమంటారు?

భీమిలి నుంచి బారువ దాకా తీరం పట్టుకుని వెళ్లాలి. రాత్రిళ్లు లాడ్జి గుమ్మం తొక్కకూడదు, చుట్టాలకు కబురు పెట్టకూడదు, గుడారంలోనే పడుకోవాలి. రిటైరయ్యాక మా ఆయన పెట్టిన షరతు ఇది. సరే అని నేనూ ఒకటి పెట్టాను: ఏ ఊళ్లో ఆగినా అక్కడివాళ్లని అడిగాకే గుడారం సంచి విప్పాలి. ఉత్తరాంధ్ర తీరంలో ఖాళీగా కనిపించే ఇసుక ఏదీ నిజంగా ఖాళీ కాదు. వలలు ఆరేసేది ఒక చోట, బోట్లు లాగేది ఒక చోట, చేపలు ఎండబెట్టేది ఒక చోట, తెల్లారగట్ల చెంబు పట్టుకెళ్లేది ఇంకో చోట. కొత్తవాళ్ల కంటికి అంతా ఒకటే ఇసుక.

ఇద్దరు పట్టే గుడారం 3,800 రూపాయలు. టార్పాలిన్, దుప్పట్లు, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల క్యాను, ఖాళీ బియ్యం సంచులు. అన్నీ స్కూటరు మీదే. బియ్యం సంచులెందుకంటే, ఇసుకలో మేకు నిలవదు.

ఫిబ్రవరి 8, శనివారం: భీమిలి దాటాక

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగి అక్కడే పడుకుందామన్నారు ఈయన. నడిస్తేనే జారిపోయే మట్టి, పైగా భూవారసత్వ స్థలం, అక్కడ గుడారమేమిటని నేను స్కూటరు దిగనే లేదు. శనివారం సాయంత్రం భీమిలి బీచి తిరునాళ్లలా ఉంది. మూరీ (మరమరాల) మిక్చరు రెండు పొట్లాలు 60 రూపాయలు. ఉల్లిపాయ దండిగా వేశాడు, నిమ్మకాయ మాత్రం చూపించి దాచేశాడు. డచ్చివాళ్ల సమాధుల్ని గేటు బయటి నుంచే చూశాం. 17వ శతాబ్దంలో వ్యాపారానికని వచ్చి ఇక్కడే స్థిరపడిన వాళ్లవి. తలుపు తీసే మనిషి టీకి వెళ్లాడట, మేమున్నంతసేపూ రాలేదు.

గోస్తనీ వంతెన దాటాక జనం పల్చబడ్డారు. ఒక చిన్న జాలరి పల్లె, సరుగుడు తోటకీ నీళ్లకీ మధ్య చాప పరిచినంత చదునుగా ఇసుక. ఈయన మొహం వెలిగిపోయింది. వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే అన్నాడు.

"అక్కడొద్దు బావూ. రేతిరి మూడింటికి బోట్లు దిగుతాయి. సీకట్లో మీ మీంచే లాగేత్తారు."

"మరి ఎక్కడ వేసుకోమంటారు?"

అప్పుడు తలెత్తి, వల పక్కన పడేసి లేచాడు. బంగారమ్మ తల్లి గుడి వెనకాల గోడ వారగా చోటు చూపించాడు. ఊరుకోకుండా గుడారం కట్టే పనీ నెత్తిన వేసుకున్నాడు. కొబ్బరి చిప్పతో మోచేతి లోతు గొయ్యి తీశాడు. సంచిలో సగం ఇసుక పోసి మూతి బిగించి, నడుముకి తాడు కట్టి, గోతిలో అడ్డంగా పడుకోబెట్టాడు. నిలువుగా పెడితే గాలి పీకేస్తుందట. పైన ముందు తడి ఇసుక, తర్వాత పొడి ఇసుక పోసి మడమలతో తొక్కాడు. లాగి చూడమన్నాడు. ఈయన రెండు చేతులా లాగారు. కదల్లేదు. ఆయనకి నవ్వొచ్చింది. పళ్లు రెండో మూడో ఉన్నాయంతే.

ఆడవాళ్లు మాత్రం నన్ను చుట్టుముట్టారు. గుడారంలోకి తొంగి చూసి, దుప్పటి తడిమి, ఆఖరికి ఒకావిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఇంటికాడ గొడవేటైనా అయినాదేటమ్మా?"

లేదంటే నమ్మలేదు. పిల్లలు బయటికి గెంటేశారా అని ఇంకొకావిడ. కొడుకు బెంగళూరులో ఉన్నాడు, ఇల్లు మాదే, ఊరికే చూద్దామని వచ్చాం అన్నాను. "ఇల్లుండగా ఇసకలో తొంగోడమేటి తల్లీ" అంటూ వెళ్లి, పది నిమిషాల్లో గిన్నె నిండా నెత్తళ్ల వేపుడు పంపించింది. మేం తెచ్చుకున్న పులిహోరలో ఆ నెత్తళ్లు నంజుకుని తిన్నాం. ఆచారం తెలిసినవాళ్లు ఈ వాక్యం చదవకపోతే మంచిది.

మూడింటికి ఆయన చెప్పినట్టే బోట్లు దిగాయి. మేం వేద్దామనుకున్న చోటు మీద నుంచే.

ఫిబ్రవరి 9, ఆదివారం: చంపావతి అడ్డం, చింతపల్లి

గుడారం ప్రయాణాల గురించి రాసేవాళ్లు సూర్యోదయం గురించి రాస్తారు గానీ స్నానం గురించి రాయరు. ఆడవాళ్లకి అదే అసలు సంగతి. నిన్నటి నెత్తళ్లావిడే పిలిచి, తాటాకు దడి కట్టిన స్నానాల గది చూపించి, బకెట్టు వేణ్ణీళ్లు పెట్టింది. యాభై రూపాయలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. వెళ్లేటప్పుడు రెండు అరటిపళ్లు, కుంకుమ పొట్లం పెట్టి, "ముత్తైదువ్వి, ఉత్త సేతుల్తో ఎల్లకూడదు" అంది. యాభై నోటు మడిచి ఆమె మనవరాలి చేతిలో పెట్టాను. ఆ గుంట రెప్పపాటులో కొట్టు వైపు మాయమైంది.

తీరం వెంటే ఉత్తరానికి వెళ్లిపోదామని మా ఉద్దేశం. భోగాపురం వైపు విమానాశ్రయం పనులు. ఫోను చూపించిన దారి తిన్నగా ఒక కంచె దగ్గరికి తీసుకెళ్లి ఆగింది. అవతల ఎర్రమట్టి లారీలు, ఇవతల మేమూ, మాలాగే వచ్చిన ఒక ఐస్‌క్రీం బండి కుర్రాడూ. అతనికీ దారి తెలీదు. పుల్ల ఐస్ రెండు కొన్నాం.

చుట్టు తిరిగి కోనాడ చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడ చంపావతి సముద్రంలో కలుస్తుంది. మొగ దగ్గర తాటిచెట్టు కింద కూర్చున్న గీత కార్మికుడు మా స్కూటర్నీ ఇసుకనీ మార్చి మార్చి చూశాడు. "ఇటెల్తే మొగే బావూ. వెనక్కెల్లి నాతవలస కాడ దాటాల."

ఈ తీరం నడక అక్కడ బోధపడింది. గోస్తనికి భీమిలిలోనే వంతెన ఉంది కాబట్టి తెలీలేదు. మిగతా నదులకి ఆ సౌకర్యం లేదు. చంపావతి, నాగావళి, వంశధార, ప్రతి నదీ తీరాన్ని కోసేస్తుంది. ప్రతి చోటా వెనక్కి తిరిగి, లోపల జాతీయ రహదారి ఎక్కి, వంతెన దాటి, మళ్లీ సముద్రం వైపు దిగాలి. మ్యాపులో నాలుగు వేళ్ల దూరం నేల మీద సగం పూట.

చింతపల్లిలో లైట్‌హౌస్ ఉంది. నీళ్లలో దాగి ఉండే శాంతపిల్లి రాళ్లకి ఓడలు కొట్టుకోకుండా 19వ శతాబ్దంలో కట్టారు. సముద్రం పోటు తీసినప్పుడు ఒడ్డు దగ్గరి నల్లరాళ్లు బయటపడతాయి. ఆదివారం కాబట్టి విజయనగరం నుంచి వచ్చిన జట్లు అప్పుడే వెళ్తున్నారు. బిర్యానీ పెట్టెలు, థర్మాకోల్ పళ్లాలు ఇసుకలోనే వదిలేశారు. పాక హోటల్ నడిపే అమ్మ వాళ్లని తిడుతూనే ఏరుతోంది. నేనూ కాసేపు ఏరాను. దాంతో సగం పని అయిపోయింది, గుడారం గురించి అడగ్గానే "మా పాక పక్కనేసుకోండి, కుక్క ఉన్నాది, ఎవులూ రారు" అంది.

ఆ రాత్రి కవ్వళ్ల పులుసు. చేపలు చిన్నవి, ముళ్లు ఎక్కువ. పులుసులో చింతపండు ఎంత పడాలో అంతే పడింది, మెంతిపిండి వాసన చివర్లో తగిలింది. మనిషికి 100 రూపాయలు, అన్నం ఎంతైనా. కాటన్ చీరలో దోమలకి నేను దొరికానుగానీ, ఈయన తుఫానొచ్చినా లేచేలా లేరు. తెల్లారేసరికి గుడారం లోపలి గుడ్డంతా చెమట పట్టి కారుతోంది. రాత్రి గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, పగలు అటు నుంచి ఇటు. గుడారం గుమ్మం సముద్రం వైపే ఉండాలని ఈయన పట్టు, అందుకే రాత్రి గాలి లోపలికి రాలేదు. మర్నాటి నుంచి వెనక జిప్పు కూడా తీసి ఉంచాం.

ఫిబ్రవరి 10, సోమవారం: కళింగపట్నం

శ్రీకాకుళం ఊళ్లోనే నాగావళి దాటాం. రథసప్తమి అయి వారం కాలేదు. అరసవల్లి దారిలో పందిళ్లు ఇంకా విప్పలేదు. టిఫిను తిని, గుళ్లోకి వెళ్లకుండా దణ్ణం పెట్టుకుని సాగిపోయాం.

కళింగపట్నం ఒకప్పటి రేవు. ఇప్పుడు లైట్‌హౌసూ, ఓడలు వచ్చిపోయాయని చెప్పుకునే ముసలాళ్ల మాటలూ మిగిలాయి. వంశధార ఇక్కడ కలుస్తుంది. నది వెంట కొంచెం లోపలికి వెళ్తే శాలిహుండం. కొండ మీద బౌద్ధ స్తూపాల ఇటుక పునాదులు, కింద వంశధార మలుపు, దూరంగా సముద్రం. మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాం. ఇంత మంచి చోటు చూసి స్థిరపడ్డ భిక్షువులకి చూపుంది అన్నారు ఈయన. గుడారం అక్కడ వేస్తే ఎలా ఉంటుందోనని ఆలోచిస్తున్నారని నాకు తెలిసిపోయింది. రక్షిత కట్టడం, లేవండి అన్నాను.

ఊరికి కొంచెం దక్షిణంగా ఒడ్డున చోటు వెతుకుతుంటే పోలీసొకాయన వచ్చి ఆధార్ చూపించమన్నాడు. ఫోను నంబరు రాసుకుని, "మీరు పడుకోడానికి ఇబ్బంది లేదు మేడమ్, తాబేళ్లకే ఇబ్బంది" అన్నాడు. ఇసుక మెట్ట వెనక్కి, సరుగుడు చెట్ల మధ్యకి జరగమన్నాడు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే కాలం. ఒడ్డున తెల్ల లైటు కనిపిస్తే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలైతే సముద్రం అనుకుని ఆ లైటు వైపే నడుస్తాయి. మా పెద్ద టార్చి లోపల పెట్టేశాం.

రాత్రి పదకొండు దాటాక తాబేళ్ల కాపలా కుర్రాడు వచ్చి మెల్లగా పిలిచాడు. టార్చికి ఎర్ర కాగితం కట్టుకున్నాడు. ఎదురుగా వెళ్లొద్దు, వెనక నుంచే చూడండి, ఫోను తీయొద్దు అన్నాడు. దాదాపు పౌర్ణమి వెన్నెల, టార్చి అక్కర్లేదు. తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తవ్వుతోంది. ఎడమ కాలు దోసిలిలా ముడుచుకుని లోపలికి వెళ్లి పిడికెడు ఇసుక పైకి తెచ్చి పక్కన పోస్తుంది. పోయగానే కుడికాలు ముందు పోసిన ఇసుకని దూరంగా విసిరేసి, తను దిగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేదు. తల మాత్రం కదల్లేదు. కళ్ల నుంచి జిగురుగా నీరు కారుతోంది. పురిటి నొప్పుల ఏడుపు అనుకున్నాను, కాదు, ఒంట్లోని ఉప్పుని అలా బయటికి పంపుతుందట. గుడ్లు రెండేసి, మూడేసి జారాయి. వంద దాకా పెడుతుంది. అయ్యాక గొయ్యి కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకని దిమ్మిస కొట్టినట్టు కొట్టింది. ఆ దబ్ దబ్ మా కాళ్ల కింద తెలిసింది.

నీళ్లలోకి వెళ్లిపోయాక కుర్రాడు గుడ్లన్నీ సంచిలోకి తీశాడు. నక్కలూ కుక్కలూ తవ్వేయకుండా కంచె వేసిన చోట అదే లోతు గోతుల్లో పూడుస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇతని తాత రోజుల్లో గుడ్లు తినేవారట. "ఇప్పుడు ఎవులూ ముట్టరు. శ్రీకూర్మం సామి కదా" అన్నాడు. శ్రీకూర్మం గుడి ఇదే గార మండలంలో ఉంది, వలలో తాబేలు పడితే దణ్ణం పెట్టి వదిలేస్తారు. మరి పొద్దున ఒడ్డు వెంట నడిస్తే చచ్చిన తాబేళ్లు మూడు కనిపించాయేంటని అడిగాను. పెద్ద మరబోట్ల వలల్లో చిక్కితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేవు, అందుకే పోతాయి అన్నాడు. ఆ బోట్లు ఎవరివో చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం: తేలినీలాపురం, నౌపడ, ఉద్దానం

మళ్లీ రహదారి, మడపాం దగ్గర వంశధార వంతెన. ఇక ఆ నదికి నమస్కారం.

టెక్కలి దాటి తేలినీలాపురం. ఊరి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. వాసన ముందు వస్తుంది, పక్షులు తర్వాత కనిపిస్తాయి. రెట్ట పడి చెట్ల ఆకులు తెల్లగా ఉన్నాయి, ఊరివాళ్లు గొడుగు లేకుండానే అలవాటుగా నడుస్తున్నారు. సైబీరియా నుంచి వస్తాయని దారిపొడుగునా అందరూ చెప్పారు. ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షే, ఇక్కడే గుడ్లు పెడుతుంది. ఆ మాట అరుగు మీద కూర్చున్న మామ్మతో అంటే, "ఎక్కణ్ణించొత్తే ఏటమ్మా, మా ఆడపిల్లలు పురిటికొచ్చినట్టు ఏటా వొత్తాయి, అవి రాకపోతే ఊరికి మంచిది కాదు" అంది. నా జ్ఞానం సంచిలో పెట్టేసుకున్నాను.

నౌపడ ఉప్పుమడుల గట్టు మీద పడుకోవాలని ఈయన కోరిక. అద్దాల్లా మెరిసే మడులు, తెల్ల కుప్పలు, చెట్టు లేదు, నీడ లేదు. గట్టు మట్టి కాలు పెడితే దిగుతోంది. కాపలాదారు ఒక్క మాట అన్నాడు: "ఇక్కడ మేమే తొంగోం." అంతటితో ఆ కోరిక తీరింది.

సాయంత్రానికి వజ్రపుకొత్తూరు వైపు ఒక కొబ్బరి తోట. రైతు ఒప్పుకున్నాడుగానీ చెట్టు కింద వద్దన్నాడు. వరసల మధ్య, నీటి బోదెల్ని తప్పించి చోటు చూపించాడు. ఈ చెట్లన్నీ చిన్నవి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటింది ఈ మండలంలోనే. ముప్ఫై నలభై ఏళ్ల చెట్లు ఒక్క రాత్రిలో కూలాయి. ఆయన వేలితో గాల్లో చూపిస్తూ ఇక్కడ పనస, అక్కడ జీడి, ఆ మూల తాతగారు వేసిన కొబ్బరి అని చెప్తుంటే, లేని తోట ఒకటి కళ్లముందు నిలబడింది. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా కొడుకులు వలస వెళ్లారు.

క్యాను నింపుకోబోతే ఆయన భార్య పరుగున వచ్చి ఆపింది. "ఆ బోరు నీల్లు తాగొద్దమ్మా." ఈ తోటల ప్రాంతమే ఉద్దానం, ఆ పేరు వింటే గుర్తొచ్చేది కిడ్నీల జబ్బు. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు, నీళ్లంటే మాత్రం అందరికీ భయం. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వచ్చే నీళ్లు బిందెలో పట్టి ఉంచింది, అవి పోసింది. వాళ్ల బంధువుల్లో ఇద్దరు డయాలసిస్ మీద ఉన్నారట. అది కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది, తర్వాత అన్నానికి రమ్మంది.

పనసపొట్టు కూర, ఆవ పెట్టింది. వేడన్నంలో నువ్వులనూనె. విశాఖపట్నంలో పెళ్లిళ్లలో తినే పనసపొట్టుకీ దీనికీ పోలికే లేదు, ఇక్కడ కాయ కోసి అరగంట కాలేదు. జీడి పూత వాసన గుడారం దాకా వచ్చింది. ఆ రాత్రి నాకు బాగా నిద్రపట్టింది.

ఫిబ్రవరి 12, బుధవారం: బారువ, మాఘ పౌర్ణమి

పలాసలో జీడిపప్పు కిలో, మందసలో కోవా అరకిలో. కోవా బారువ చేరేలోపే సగమైంది. పడమట మహేంద్రగిరి నీలంగా కనిపిస్తూనే ఉంది. ఆ కొండల నుంచి వచ్చే మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో పడుతుంది.

మాఘ పౌర్ణమి స్నానాలకి జనం. ఆటోల్లో, ట్రాక్టర్లలో ఊళ్లకు ఊళ్లు దిగాయి. తెలుగు మాటలో ఒడియా, ఒడియాలో తెలుగు కలిసిపోయి వినిపించాయి. కొత్త జంటల కొంగులు ముడేసి నీళ్లలోకి నడిపిస్తున్నారు. అలకి పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టాక, అత్తగారు కోడలి నెత్తిన దోసిళ్లతో నీళ్లు పోస్తోంది. పిల్లాణ్ణి ముంచబోతే వాడు తల్లి జుట్టు పట్టుకుని వదల్లేదు. నేనూ మూడు మునకలు వేశాను. తర్వాత ఉప్పు వదిలించుకోడానికి నీళ్లెక్కడ దొరుకుతాయి? బకెట్టు 20 రూపాయలకి అమ్ముతున్నాడు ఒకడు. బేరమాడకుండా రెండు కొన్నాను.

ఇంత జనంలో గుడారం గురించి ఎవర్నడగాలి? వేరుశనక్కాయలు వేయిస్తున్న ముసలమ్మని అడిగాను. "పున్నం పోటు బాగా పైకొత్తాది. ఆ ఊదా పూల తీగ పాకిందే, దానెనక్కి ఎల్లండి. గంగ ఆ తీగని దాటదు" అంది. అక్కడికి వెళ్తే నిన్నటి అలల గీత తీగకి మూరెడు ఇవతల ఆగి ఉంది. పక్కనే సామర్లకోట నుంచి వచ్చామన్న నలుగురు కుర్రాళ్లు నీళ్లకి దగ్గరగా రెండు గుడారాలు వేసి, స్పీకరు పెట్టారు. ముసలమ్మ మాట చెప్పాను. "పర్లేదాంటీ" అన్నారు. రాత్రి ఒంటిగంటకి స్పీకరు ఆగింది, కేకలు మొదలయ్యాయి. దుప్పట్లు పిండుకుంటూ మా టార్పాలిన్ కిందకి వచ్చి కూర్చున్నారు. మిగిలిన కోవా వాళ్లకి పెట్టాల్సి వచ్చింది, నాకు అదొక్కటే బాధ.

పొద్దున్నే మరబోటు తిరిగొచ్చింది. చిన్న చందువాలు నాలుగు 250కి ఇచ్చారు. పొయ్యి మీద పసుపు, కారం, ఉప్పు రాసి కాల్చాం. మొత్తం ఖర్చు ఈయన అట్ట మీద రాసుకొచ్చారు: పెట్రోలుతో కలిపి 4,900, అందులో జీడిపప్పు వాటా చెప్పడం లేదు. ఉప్పుగాలికి గుడారం జిప్పు ముద్దకట్టింది. కొవ్వొత్తి రుద్దితే సగం దూరం కదిలింది.

సర్దుకుంటుంటే శనక్కాయల ముసలమ్మ వచ్చి మళ్లీ ఎప్పుడొస్తారని అడిగింది.

"ఏప్రిల్ 15 తర్వాత రండి. రెండు నెల్లు సర్కారోళ్లు ఏట ఆపేత్తారు, మగోళ్లందరూ ఇంటికాడే ఉంటారు. మాటాడుకోవచ్చు."

"చేపలో?"

"సేపలెక్కడివమ్మా అప్పుడు? ఎండుసేపలు తెచ్చుకోండి."